ప్రశ్న నేర్చిన తీర్పరి

చంద్రశేఖర వేంకట రామన్ 1928 ఫిబ్రవరి 28వ తేదీన కనుగొనిన కాంతి పరిక్షేపణ ఫలితమునకు జ్ఞాపకార్థముగా 1987 నుండి ఆ దినమును జాతీయ విజ్ఞాన దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆనాడు గాని, జిల్లాస్థాయి వైజ్ఞానిక ప్రదర్శనల కాలమున గాని, తెలుగునాట ఏ ఉన్నత పాఠశాలలో అడుగిడినను కానవచ్చు దృశ్యము ఇంచుమించు ఒక్కటే: థర్మోకోల్ కొండమీద వంటసోడాయు వెనిగరును కలిసి నురుగు గ్రక్కు అగ్నిపర్వతము, సిరంజిలలోని నీటి ఒత్తిడిచే చేయెత్తు జె.సి.బి., వాని ప్రక్కన కంఠస్థము చేసిన వివరణమును ఊపిరి తిప్పుకొనక వల్లించు బాలబాలికలు. ఈ నమూనాలు చెడ్డవని అనరాదు; అందలి శాస్త్రసూత్రములు సత్యములే. ఐనను, ఫలితమేమగునో అను సందేహమునకు చోటు లేని పనిలో శోధనకును చోటుండదు.

ఇట్లేల జరుగుచున్నదని విచారించినచో దోషము పిల్లలదిగా తోపదు. దేనికి మార్కులు పడునో దానినే పిల్లలు చేయుదురు. మార్కులు వేయువారు ఎట్టి ప్రశ్నలడుగుదురో అట్టివానికే ఉపాధ్యాయులు వారిని సిద్ధపరతురు. కావున ప్రదర్శనము బాగోగులు తీర్పరి అడుగు ప్రశ్నను బట్టి యుండును. అట్టి ప్రశ్న నడుగు నేర్పు ఉద్యోగమున చేరిన పిదప తనంత తాను అబ్బునని ఊరకుండక, శిక్షణ కాలముననే దానిని అలవరచుట మేలు.

మనకు వేదికలు కొరవడలేదు. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 1971 నుండి బాలల వైజ్ఞానిక ప్రదర్శనలను జాతీయస్థాయిని నడుపుచున్నది. పది మొదలు పదునేడేండ్ల వయస్సు గల పిల్లలు తమ పరిసరముల సమస్యను తాము శోధించి నివేదించు బాలల సైన్స్ కాంగ్రెస్ 1993లో దేశవ్యాప్తమైనది. ఇన్‌స్పైర్ మానక్ పథకము క్రింద ఎంపికైన విద్యార్థికి తన ఆలోచనను నమూనాగా మలచుకొనుటకు 10,000 రూపాయలు లభించుచున్నవి. 1976 నాటి 42వ సవరణముచే రాజ్యాంగమున చేరిన ప్రాథమిక విధులలో శాస్త్రీయ దృక్పథమును పెంపొందించుకొనుట ఒకటి.

కొలబద్దయు లేకపోలేదు. జాతీయ ప్రదర్శనమునకు ఆ మండలి నిర్దేశించిన నూరు మార్కులలో పిల్లల సొంత కల్పనకు 20, నవ్యతకు 15, శాస్త్రీయ ఆలోచనకు 15, పనితనమునకు 15, ఉపయోగమునకు 15, తక్కువ ఖర్చు, మన్నిక మున్నగువానికి 10, వివరించు తీరునకు 10 చొప్పున కేటాయింపబడినవి. మాటనేర్పునకు పదియే మార్కులుండగా, గడగడ మాటలాడు పిల్లవాడు కడమ తొంబదింటను అగ్రగణ్యుడుగా తోచుట మానవసహజమైన పొరపాటు. కొలబద్ద మంచిదే, కొలుచు చేతికి సాధన కావలెను.

ఆ సాధనకు నేడు అవకాశము లేకపోలేదు. 2015 నుండి బి.ఎడ్. రెండేండ్ల చదువైనది, అందు కనీసము ఇరువది వారములు ఛాత్రోపాధ్యాయులు పాఠశాలలో గడపవలెనని నియమము. జిల్లా విద్యా శిక్షణ సంస్థలలో చదువువారికిని పాఠశాలానుభవము పాఠ్యక్రమములో భాగమే. ఆ వారములలో ప్రదర్శనము తటస్థించినపుడు బల్లలు సర్దుటయు, అంకెల చీటీలు అంటించుటయు మాత్రమే వారి పాలబడినచో, చేతికందిన పాఠము చేజారినట్లే.

మొదటి మెట్టు, భావి ఉపాధ్యాయుడు తాను స్వయముగా ఒక చిన్న శోధన నడపుట. దృష్టాంతముగా ఇండుప గింజను గైకొందము. కుండ లోపలి అంచున ఆ గింజను అరగదీసి బురదనీటిని తేర్చుట మన పల్లెలలో తరతరముల వాడుక. దీనిని చార్టుమీద వ్రాసి, గింజను ప్రక్కనుంచినచో అది సమాచారము మాత్రమే. ఒకే చెరువునుండి తెచ్చిన నీటిని ఒకే కొలతగల నాలుగు గాజు జాడీలలో పోసి, ఒకదాన ఇండుప గంధమును, ఒకదాన పటికను, ఒకదాన మునగ గింజల పొడిని కలిపి, నాలుగవదానిని ఏమియు కలుపకయే విడిచి, అన్నిటిని సమముగా త్రిప్పి, సమానమైన కాలము కదలింపక యుంచినపుడు అది శోధన యగును. పిల్లలు సాధారణముగా మరచునది ఆ నాలుగవ జాడీయే. ఊరక నిలిచిన నీరును కొంత తేటపడును గనుక, గింజ చేసిన పనియెంతో, కాలము చేసిన పనియెంతో ఆ జాడీ లేనిదే తెలియరాదు.

తేటదనమునకును కొలత కావలెను. తెల్లకాగితముమీద నల్లని అక్షరము వ్రాసి దానిపై గాజు గొట్టమునుంచి, అందు నీరు పోయుచుండగా, పైనుండి చూచువానికి అక్షరము కానరాకపోవు లోతును స్కేలుతో గుర్తించిన చాలును. ఒక్క పర్యాయముతో తృప్తిపడక మూడు నాలుగు మారులు చేసి, తేడాలను దాచక నోటుపుస్తకమున వ్రాయవలెను. ఋణావేశముచే ఒండొంటిని వికర్షించుచు నీట తేలియాడు మట్టి రేణువులను మునగ గింజలోని ధనావేశపు ప్రోటీనులు కూర్చి గడ్డలుగా అడుగునకు చేర్చునని పుస్తకము చెప్పును. తేటపడిన నీరెల్ల త్రాగదగినది కాదనియు, సూక్ష్మజీవులు కంటికి కానరావనియు గ్రహించినవాడు తన ఫలితమునకు హద్దు నెరిగినవాడగును. ఈ త్రోవ నొకసారి నడచిన ఛాత్రోపాధ్యాయుడు ఇతరుల శోధనలలో ఏమి వెదకవలెనో మరువడు.

రెండవది మార్గదర్శనము. ప్రశ్నను పదునుపెట్టుట, పరికరములు సమకూర్చుట, ప్రమాదము వాటిల్లకుండ చూచుట గురువు పని. కొలుచుట, వ్రాయుట, నిర్ణయించుట పిల్లల పని. ఈ గీటు దాటినచో బహుమానము పిల్లవానికిని, శోధన గురువునకును దక్కును. నిర్వహణమునకు సంబంధించిన జాగ్రత్తలు సులభముగా నేర్వదగినవి: ఆమ్లములకును నిప్పునకును ముందుగా అనుమతి, విద్యుత్తు తీగలు నడచు దారికి అడ్డురాకుండుట, జీవులను హింసింపకుండుట, తీర్పు సమయమున సందర్శకులను వెలుపల నుంచుట.

మూడవది తీర్పు; అన్నిటికంటె అభ్యాసము దీనికే అవసరము. శిక్షణ కళాశాలలో ఐదారు నమూనాలనుంచి, ఛాత్రోపాధ్యాయులందరిచేతను విడివిడిగా మార్కులు వేయించి, పిదప ఒకచోట కూర్చుండబెట్టి పోల్చినచో, ఒకే నమూనాకు ఒకే అంశమున ఒకరు పదునాలుగును, మరొకరు ఆరును వేసినట్లు బయటపడవచ్చును. అపుడు ‘నవ్యత’ అనగా నీవేమి తలచితివి, నేనేమి తలచితిని అను చర్చ పుట్టును. ప్రతి అంశమునకు ఎక్కువ, మధ్యమము, తక్కువ అనునవి ఎట్లుండునో మాటలలో వ్రాసికొందురు. చెయ్యి ధారాళముగల తీర్పరి చేతబడినవాడు గెలిచి, పిసినారి చేతబడినవాడు ఓడకుండ, ప్రతి నమూనాను కనీసము ఇద్దరు చూడవలెననియు, తన పాఠశాల పిల్లలకు తాను మార్కులు వేయరాదనియు వారికే తోచును. ఆంగ్లమున చెప్పినవాని మాట బరువుగాను, తెలుగున చెప్పినదాని మాట తేలికగాను తోచుటయు, అట్టహాసమైన విద్యుద్దీపములు కనులను చెదరగొట్టుటయు చర్చకు వచ్చును.

పిమ్మట సంభాషణము. “దీని సూత్రమేమి?” అని అడిగినచో వల్లెవేసిన జవాబు వచ్చును. “ఈ ఆలోచన నీకెట్లు కలిగినది?”, “నీవు తలచినట్లు కానిది ఏదైన జరిగినదా?”, “ఏమి చూచియున్నచో నీ అభిప్రాయము మార్చుకొనియుందువు?”, “మరల చేసినచో ఏమి మార్తువమ్మా?” అని అడిగినచో, సొంతముగా చేసినవారి మొగము వికసించును, చేయించుకొన్నవారు గురువువంక చూతురు. విఫలమైన ప్రయోగమును నిజాయితీతో వివరించిన బాలికకు శాస్త్రీయ ఆలోచన క్రింద మంచి మార్కులు వేయు ధైర్యమును తీర్పరి ఇచ్చటనే అలవరచుకొనవలెను.

బహుమానములు కొందరికే అందును. కాని రెండు వాక్యముల వ్రాతపూర్వక సలహా అందరికిని అందగలదు. మెచ్చుకొనదగిన దొకటి, తరువాత చేయదగిన దొకటి వ్రాసి యిచ్చుటకు కాగితపు ముక్క తప్ప ఖర్చు లేదు. ఇరుగుపొరుగు పాఠశాలతో కలిసి, బహుమతులు లేని చిన్న ప్రదర్శనము నొకదానిని ఇంటర్న్‌షిప్ ముగియకముందే నడిపి, దానికిని మార్కులు కేటాయింపగల స్వాతంత్ర్యము శిక్షణ కళాశాలలకున్నచో, ఈ విద్యకు వేరు పాఠ్యగ్రంథమే అక్కరలేదు. తీర్పరుల ప్రశ్నలు మారిన యేడు పిల్లలు నమూనాలతోబాటు నోటుపుస్తకములను కూడ తెత్తురు. వానిని తెరచి చదువగల ఉపాధ్యాయులను సిద్ధపరచుట శిక్షణ కళాశాలల బాధ్యత.