ఇప్పపువ్వు తింటే మత్తెక్కుతుందా?

ఉట్నూరులో భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం చేసే ఇప్పపువ్వు లడ్డూకు ఇవాళ మంచి పేరుంది. 2025 మార్చి 30న 'మన్ కీ బాత్'లో ప్రధాని కూడా ఆదిలాబాద్ జిల్లా అక్కచెల్లెళ్లు ఇప్పపువ్వుతో చేసే వంటల గురించి చెప్పారు. అయినా కరీంనగర్‌లో ఏ ఇంట్లోనైనా ఆ లడ్డూల డబ్బా విప్పి చూడండి. "అది సారాపువ్వు గదనే, పిల్లలకు పెడ్తవా?" అన్న మాటే ముందు వినిపిస్తుంది. తింటే మత్తు వస్తుందట, కడుపుతో ఉన్నవాళ్లు ముట్టకూడదట, పిల్లలకు తాగుడు అలవాటవుతుందట.

ఈ మాట వల్ల పోయేది ఒక లడ్డూ బేరమే అయితే నేను ఇంతగా రాసేదాన్ని కాదు. గోండు, కొలాం ఇళ్లల్లో ఇప్పపువ్వు తిండి గింజలతో సమానం. ఎండబెట్టి దాచుకుంటే కొత్త పంట ఇంటికి రాని వానకాలపు నెలల్లో కడుపు నింపేది అదే. ఉడికించి మెదిపి జొన్నపిండిలో కలిపి రొట్టె కొడతారు, వేయించి నువ్వులతో దంచి ముద్దలు కడతారు. హాస్టల్లో చదువుకునే పిల్ల ఆ రొట్టెను తోటివాళ్ల ముందు విప్పడానికి సిగ్గుపడితే, తనే పొయ్యి ముందు కూర్చునే నాటికి ఆ వంట ఆమెకు రాదు. పువ్వు గంపలకెక్కి దళారికి పోతుంది, ఇంట్లో మాత్రం ఎవరూ వండరు.

ఇక అసలు విషయం. పువ్వులో మత్తు లేదు. ఉన్నది తీపి. ఎండిన ఇప్పపువ్వు బరువులో దాదాపు సగం, ఒక్కోసారి అంతకు మించి, చక్కెరలే. ఆ చక్కెర సారా కావాలంటే పువ్వును నీళ్లలో నానబెట్టాలి, రోజుల తరబడి పులియనివ్వాలి, ఈస్ట్ అనే సూక్ష్మజీవి ఆ తీపిని తిని ఆల్కహాల్‌గా మార్చాలి, ఆ తర్వాత బట్టీ పెట్టి ఆవిరి పట్టాలి. బాగా ఎండిన పువ్వులో ఈస్ట్ బతకడానికి కావలసిన తేమే ఉండదు. దాన్ని మళ్లీ పెనం మీద వేయిస్తారు, లేదా గంజులో ఉడికిస్తారు. ఆ వేడికి ఈస్ట్ బతకదు. ఇంక మత్తు ఎక్కడి నుంచి వస్తుంది? గుడుంబా కాచేది నల్లబెల్లంతో. అలాగని పండుగ పూట బెల్లం పరమాన్నాన్ని ఎవరైనా పక్కకు నెట్టారా? ద్రాక్ష నుంచి వైన్ తీస్తారని పిల్లలకు ద్రాక్షపండ్లు పెట్టడం మానేశామా? ఈ అనుమానమంతా అడవిబిడ్డల తిండి మీదికే ఎందుకు పోతుందో మనల్ని మనం అడుక్కోవాలి.

దీని వెనక పాత చరిత్ర కూడా ఉంది. 1892లో బొంబాయి ప్రెసిడెన్సీలో తెల్లదొరలు ప్రత్యేకంగా ఇప్పపువ్వు మీదే ఒక చట్టం తెచ్చి, దాన్ని ఏరి నిల్వ చేసుకోవడం మీద ఆంక్షలు పెట్టారు. వాళ్లకు కావలసింది అబ్కారీ ఆదాయం. పువ్వు కనిపిస్తే సారా అనుకునే చూపు సర్కారు ఖజానాది, వంటింటిది కాదు.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోక తప్పదు. సరిగ్గా ఎండని పువ్వును గోనెసంచిలో కుక్కి వానకాలంలో చెమ్మతగిలే మూలన పెడితే అది పులుస్తుంది, బూజు పడుతుంది, పుల్లటి ఘాటు వాసన కొడుతుంది. అలాంటిది తింటే కడుపు చెడుతుంది. ఆ వాసన ఒకసారి తగిలినవాళ్లు సారా అనుకున్నారంటే వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం. కానీ అది నిల్వలో జరిగిన లోపం. చెమ్మ తగిలితే జొన్నలూ బూజు పడతాయి.

ఇప్పుడు ఈ సారాపువ్వు మాటకు ఎదురు ప్రచారం కూడా మొదలైంది. లడ్డూ తింటే రక్తహీనత దానంతటదే పోతుందని, షుగర్ తగ్గుతుందని. రెండూ తప్పే. నువ్వులు, పల్లీలు, బెల్లం కలిసిన లడ్డూ బలమైన తిండే, కానీ గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలకు బదులు కాదు. షుగర్ ఉన్నవాళ్లకు ఇది మామూలు మిఠాయితో సమానం, లెక్కగానే తినాలి.

పాత వంటల మీద ఉన్న మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు. సకినాలు విరిగితే దిష్టి కాదు, పిండి తడి కుదరలేదు. జొన్న గట్క పేదోళ్ల తిండి అన్నవాళ్లే ఇవాళ అవే జొన్నలను సూపర్‌మార్కెట్లో ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు. పాత వంటలకు కొలతలుండవన్నది శుద్ధ అబద్ధం: 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక. అవ్వ చేతిలో కొలత ఉంది, మనం అడగలేదు.

ఇంట్లో ఇప్పపువ్వు వండిన అవ్వ ఉంటే మార్చి, ఏప్రిల్‌లో ఆమె వెంట చెట్టు కిందికి వెళ్లండి. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఏరడం సులువని కింద ఆకులకు నిప్పు పెట్టొద్దు, అడవి అంటుకుంటుంది. ఊడ్చి పాత చీర పరిస్తే చాలు. గలగలమనేదాకా ఎండబెట్టండి, లోపలి కేసరాలు నలిపి చెరిగేయండి, మూత గట్టి డబ్బాలో పెట్టండి. వండేటప్పుడు పక్కన కూర్చుని రాసుకోండి: పువ్వు ఎన్ని సోలలు, నువ్వులు ఎన్ని గిద్దలు, వేగేటప్పుడు ఏ రంగు వచ్చాక దించింది, ఏ వాసనకు చాలంది. ఆమె సోలను ఒకసారి తూకం వేసి గ్రాములు పక్కన రాయండి. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్ వచ్చింది, ఫోన్‌లోనూ రాసుకోవచ్చు. గోండు పిల్లల చేత అవ్వ చెప్పింది చెప్పినట్టే ఆ లిపిలో రాయించి, తెలుగులో ఇంకో ప్రతి తీయించండి.