బండి ఒకటే.. బ్యాడ్జీలే రెండు!

పోయిన దసరాకి ఇంటికెళ్తే హాల్లో పెద్ద పంచాయితీ నడుస్తోంది. నాన్న రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో కొంత తీసి జీవితంలో మొదటిసారి కారు కొందామనుకున్నారు. అదీ ఎస్‌యూవీ!

‘కొంటే టయోటానే కొనుక్కో అన్నయ్యా. పదేళ్లు బానెట్ ఎత్తే పనుండదు. నువ్వు చూస్తున్న దాంట్లో ఏముంటుంది, మారుతి ఇంజిన్!’ అంటారు బాబాయ్. ఆయన ఓటు అర్బన్ క్రూజర్ హైరైడర్‌కి. నాన్న మనసేమో గ్రాండ్ విటారా మీద. ‘సర్వీసింగ్ దగ్గర్లో ఉండాలి కదరా’ అనేది ఆయన పాయింటు. మధ్యలో నన్ను జడ్జిని చేశారు, ఇంజినీరింగ్ చదివినందుకు. (చదివింది కంప్యూటర్ సైన్స్ అని చెప్పినా ఎవరూ వినరు.)

రెండు రాత్రులు కూర్చుని స్పెసిఫికేషన్లు పక్కపక్కన పెట్టి చూశా. విషయం తెలిసీ ఆ ఇద్దరికీ ఎలా చెప్పాలో అర్థం కాలేదు. ఎందుకంటే వాళ్లు కొట్టుకుంటోంది ఒకే కారు గురించి!

దీన్ని బ్యాడ్జ్ ఇంజినీరింగ్ అంటారు. మా భాషలో చెప్పాలంటే, ఒకే కోడ్ తీసుకుని థీమ్, లోగో మార్చి ఇద్దరు క్లయింట్లకు అమ్మడం. ముందు గ్రిల్, బంపర్, లైట్లు మారతాయి. లోపల సీట్ల రంగులు మారతాయి. ఛాసిస్, తలుపులు, గేర్‌బాక్స్ మాత్రం అవే. 2022లో వచ్చిన ఈ రెండు బండ్లూ బెంగళూరు దగ్గర బిడదిలోని టయోటా ఫ్యాక్టరీలోనే తయారవడం మొదలైంది.

అసలు ట్విస్టు ఇంజిన్ దగ్గరుంది. రెండు బ్రాండ్లలోనూ రెండు రకాల పెట్రోల్ ఇంజిన్లు ఉంటాయి. మైల్డ్ హైబ్రిడ్ తీసుకుంటే అందులో ఉండేది సుజుకీ 1.5 లీటర్ల ఇంజిన్. స్ట్రాంగ్ హైబ్రిడ్ తీసుకుంటే టయోటా మూడు సిలిండర్ల ఇంజిన్, పక్కన మోటారు, బ్యాటరీ. అంటే టయోటా షోరూమ్‌కి వెళ్లి మైల్డ్ హైబ్రిడ్ కొంటే ఇంటికొచ్చేది సుజుకీ ఇంజిన్. మారుతి షోరూమ్‌లో స్ట్రాంగ్ హైబ్రిడ్ కొంటే వచ్చేది టయోటా ఇంజిన్! దాని మైలేజీ కూడా లీటరుకి 27.97 కిలోమీటర్లని ఇద్దరూ ఒకే అంకె చెప్పారు. అది టెస్టులో వచ్చిన అంకె లెండి, మన రోడ్ల మీద అంత ఆశ పెట్టుకోవద్దు.

ఈ కంపెనీలకి ఇదేం అవసరం? చవక చిన్న బండ్లలో టయోటాకి ఇక్కడ మారుతి అంత బలం లేదు. హైబ్రిడ్ టెక్నాలజీలో సుజుకీకి టయోటా అంత పట్టు లేదు. కొత్త మోడల్ మొదటి నుంచి తయారు చేయాలంటే బోలెడు ఖర్చు, ఏళ్ల టైమ్. 2017లో చేతులు కలిపాయి. 2019లో బలేనో కాస్తా గ్లాంజాగా వచ్చింది. 2020లో విటారా బ్రెజా అర్బన్ క్రూజర్ అయింది. 2023లో రివర్సు: ఇన్నోవా హైక్రాస్‌కి మారుతి లోగో తగిలించి ఇన్విక్టో అన్నారు. 2024లో ఫ్రాంక్స్ టైజర్ అయింది. క్రెటా, సెల్టోస్‌లను మాత్రం ఈ లిస్టులో కలపకండి. వాటికి ప్లాట్‌ఫాం, ఇంజిన్లు కలిసినా బాడీలు వేరు.

పాతవాళ్లకి డస్టర్ గుర్తుండే ఉంటుంది. 2013లో నిస్సాన్ దానికే మేకప్ వేసి టెర్రానో అని ఎక్కువ ధరకి తెచ్చింది. డస్టర్‌కి వచ్చిన పేరు దానికి రాలేదు. హెక్టర్ అయితే ఇంకా చిత్రం. చైనాలో బావోజున్ 530, ఇండోనేషియాలో వులింగ్ ఆల్మాజ్, లాటిన్ అమెరికాలో షెవర్లే క్యాప్టివా, మన దగ్గర ఎంజీ. పాస్‌పోర్టుకో పేరు!

ఇందులో మోసమేమీ లేదు. కాకపోతే షోరూమ్‌లో ఆ మాట ఎవరూ ముందుగా చెప్పరు. మేం వెళ్లిన ఒక షోరూమ్ కుర్రాడైతే ‘ఆ బండికీ దీనికీ సంబంధమే లేదు సర్’ అన్నాడు. నాన్న నా వైపు చూశారు. నేను ఫోన్ వైపు చూశా.

కోడ్ ఒకటైతే బగ్ కూడా ఒకటే కదా. 2023 జనవరిలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్‌లో లోపం ఉండొచ్చని మారుతి 17,362 బండ్లను వెనక్కి పిలిచింది. వాటిలో బలేనో, గ్రాండ్ విటారా ఉన్నాయి. అదే నెలలో అదే కారణంతో టయోటా పిలిచినవి 1,390. అవేంటో తెలుసా? గ్లాంజా, హైరైడర్. కాబట్టి మీ బండికి కవల ఉంటే దాని రీకాల్ వార్తల మీద కూడా ఓ కన్నేసి ఉంచండి.

మరి తేడా ఎక్కడ? కాగితాల్లో. గ్లాంజా వచ్చినప్పుడు టయోటా 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్ల వారంటీ ఇచ్చింది. అదే కారు బలేనోగా కొంటే 2 ఏళ్లు, 40,000 కిలోమీటర్లే. 2024 జులైలో మారుతి కూడా 3 ఏళ్లు, లక్షకి పెంచడంతో ఆ తేడా పోయింది. ఇప్పుడు చూడాల్సింది డిస్కౌంటు, వెయిటింగ్, వర్క్‌షాప్ ఎంత దూరం అన్నవే. ఇద్దరి దగ్గరా ఒకే వేరియంట్‌కి ఆన్‌రోడ్ కొటేషన్ రాయించుకోండి. ఒకరిది ఇంకొకరికి చూపిస్తే మాట తీరు మారుతుంది. మాకు మారింది.

మా ఊళ్లో మారుతి వర్క్‌షాప్ ఇంటికి పది నిమిషాలు. టయోటా అంటే జిల్లా కేంద్రానికి వెళ్లాలి, రానూపోనూ ఓ పూట పోతుంది. అరవై దాటిన మనిషికి అది చిన్న విషయం కాదు. నాన్న గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ బుక్ చేశారు.

బండి ఇంటికొచ్చిన రోజు బాబాయ్ చుట్టూ తిరిగి చూసి, ‘టయోటా అయితే ఇంకా బావుండేది అన్నయ్యా’ అన్నారు.

నాన్న బానెట్ ఎత్తి, ‘ఇంజిన్ టయోటాదేరా, అడుగు వీణ్ని’ అని నన్ను చూపించారు. బాబాయ్ ఇంకా నమ్మలేదు.