చవక ఆర్కేడ్ జాయ్‌స్టిక్: మద్దెలే ఓడైతే ఆటగాడి తప్పెంత?

ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు అని తెలుగులో సామెత. తన చేతకానితనాన్ని పనిముట్టు మీదికి నెట్టేవారిని ఉద్దేశించిన మాట అది. కన్సోల్‌పై పోరాట క్రీడలు ఆడేవారికి మాత్రం కొన్నిసార్లు దీనికి తలకిందులైన పరిస్థితి ఎదురవుతుంది. మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది. ఆడేవారు అది తెలియక తమ చేతినే నిందించుకుంటారు. తక్కువ ధరకు కొన్న నాసిరకం ఆర్కేడ్ జాయ్‌స్టిక్ విషయంలో జరిగేది ఇదే. పోయేది డబ్బు మాత్రమే కాదు. నెలల తరబడి చేసిన సాధన, దానితోపాటు తనమీద తనకున్న నమ్మకం కూడా.

ఆర్కేడ్ జాయ్‌స్టిక్ అంటే ఒక వెడల్పాటి పెట్టె. దాని మీద ఎడమవైపు గుండ్రని తలతో ఒక లీవర్, కుడివైపు ఆరు లేదా ఎనిమిది పెద్ద బటన్లు ఉంటాయి. ఒడిలోనో బల్లపైనో పెట్టుకుని రెండు చేతులతో ఆడతారు. కన్సోల్‌తో పాటు వచ్చే చిన్న కంట్రోలర్‌కు ఇది ప్రత్యామ్నాయం. కొన్ని వేల రూపాయలకు దొరికేవీ ఉన్నాయి, అంతకు అనేక రెట్లు ధర పలికేవీ ఉన్నాయి. ఆన్‌లైన్ దుకాణంలోని చిత్రాల్లో ఈ రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అసలు తేడా పెట్టె లోపల ఉంటుంది.

పార్లర్ నుంచి ఇంటికి

1977లో అటారీ సంస్థ తన ఇంటి కన్సోల్‌తో పాటు ఒక్క బటన్ ఉన్న జాయ్‌స్టిక్‌ను అందించింది. 1991లో జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ విడుదల చేసిన 'స్ట్రీట్ ఫైటర్ 2' ఆర్కేడ్ యంత్రంలో ఒక లీవర్, ఆరు బటన్లు ఉండేవి. ఇద్దరు ఆటగాళ్లు పక్కపక్కన నిలబడి తలపడే ఈ క్రీడ వీడియో గేమ్ పార్లర్లకు కొత్త ఊపునిచ్చింది. ఆ యంత్రంపై అలవాటైన చేతికి ఇంట్లోనూ అదే అమరిక కావాలనిపించడం సహజం. ఇళ్లలో వాడే ఆర్కేడ్ స్టిక్‌లకు గిరాకీ పెరగడానికి అది ఒక ముఖ్య కారణం.

భారత నగరాలకూ ఈ సంస్కృతి కొత్తది కాదు. 1993 నాటి 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' ఆటను దేశమంతటా పార్లర్లలో పిల్లలు అందులోని ఒక పాత్ర పేరుతో 'ముస్తఫా' అనే పిలుచుకున్నారు. పాకిస్థాన్‌లోని లాహోర్‌కు చెందిన అర్సలాన్ యాష్ 2019లో ఒకే ఏడాది జపాన్‌లోనూ, అమెరికాలోనూ జరిగిన ఈవో పోటీల్లో 'టెక్కెన్ 7' విజేతగా నిలిచాడు. దక్షిణాసియా ఆటగాళ్ల సత్తాను ప్రపంచం అప్పుడు గుర్తించింది. భారత ప్రభుత్వం 2022 డిసెంబరులో ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడల పోటీల్లో భాగంగా గుర్తించింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 'స్ట్రీట్ ఫైటర్ 5' పతక విభాగమైంది. అందులో స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూ వయసు అప్పటికి 44 ఏళ్లు. కాబట్టి ఈ పెట్టెను కేవలం పిల్లల ఆటవస్తువుగా కొట్టివేయడానికి వీలులేదు.

పెట్టె లోపల ఏముంటుంది

లీవర్ అడుగుభాగం చుట్టూ నాలుగు మైక్రోస్విచ్‌లు ఉంటాయి. పైకి, కిందికి, ఎడమకు, కుడికి ఒక్కొక్కటి. లీవర్ తలను కుడికి తోస్తే దాని అడుగు ఎడమకు జరిగి అక్కడి స్విచ్‌ను నొక్కుతుంది. చేయి వదిలితే స్ప్రింగ్ దాన్ని మళ్లీ నడిమికి తెస్తుంది. ఐమూల దిశలకు ప్రత్యేకమైన స్విచ్‌లు లేవు. పక్కపక్కనున్న రెండు స్విచ్‌లు ఒకేసారి నొక్కుకున్నప్పుడే యంత్రం దాన్ని ఐమూలగా గ్రహిస్తుంది. లీవర్ ఎంతవరకు జరగాలో నిర్ణయించేది అడుగున ఉండే గేట్ అనే చట్రం. జపాన్ తరహా స్టిక్‌లలో ఇది సాధారణంగా చతురస్రాకారంలో ఉంటుంది. దాని నాలుగు మూలలే నాలుగు ఐమూల దిశలు. ఎనిమిది పలకల చట్రాన్ని ఇష్టపడేవారూ ఉన్నారు.

జపాన్ సంస్థలైన సాన్వా, సెయిమిత్సు తయారుచేసే లీవర్లు, బటన్లు ఈ రంగంలో ప్రమాణంగా స్థిరపడ్డాయి. ప్రధాన బటన్లు 30 మిల్లీమీటర్ల వ్యాసంతో, టంకం అవసరం లేకుండా తీగను తొడిగి తీసేలా ఉంటాయి. ఒక్క బటన్ పాడైతే దాన్నొక్కదాన్నే తీసి మరొకటి బిగించవచ్చు.

ఖర్చు ఎక్కడ తగ్గిస్తారు

నాసిరకం స్టిక్‌లో కోత పడేది కంటికి కనిపించని చోటనే. కొన్నింటిలో మైక్రోస్విచ్‌లకు బదులు కార్బన్ పూత పూసిన రబ్బరు గుబ్బలు ఉంటాయి. టెలివిజన్ రిమోట్‌లో వాడేదీ అదే పద్ధతి. ఛానల్ మార్చడానికి అది చాలు. నిమిషానికి వందసార్లు నొక్కే ఆటకు చాలదు. మరికొన్నింటిలో స్విచ్‌లు ఉన్నా, వాటి అమరికలో కొలతలు సరిగా కుదరవు. అప్పుడు కుడి దిశ వెంటనే పలుకుతుంది, కింది దిశ ఆలస్యంగా పలుకుతుంది, ఐమూల అయితే ఒక్కోసారి అసలు పలకదు. స్ప్రింగ్ బలహీనమైతే వదిలిన లీవర్ నడిమిని దాటి అవతలి స్విచ్‌ను తాకుతుంది. ఆటగాడు ఇవ్వని ఆదేశం యంత్రానికి అందుతుంది.

బరువు మరో సమస్య. మంచి స్టిక్‌లు లోహపు అడుగుపలకతో బరువుగా ఉండి బల్లపై కదలకుండా నిలుస్తాయి. పలచని ప్లాస్టిక్ పెట్టె అయితే లీవర్‌తో పాటు తానూ జరుగుతుంది. దాన్ని అదిమి పట్టుకోవడంలోనే మణికట్టు అలసిపోతుంది.

సెకనులో అరవయ్యో వంతు

ఈ చిన్న లోపాలు ఎందుకంత పెద్దవవుతాయో తెలియాలంటే ఆటలోని కాలమానం తెలియాలి. పోరాట క్రీడల్లో అత్యధికం సెకనుకు 60 ఫ్రేముల చొప్పున నడుస్తాయి. అంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు. కొన్ని ఎత్తులకు రెండు మూడు ఫ్రేముల వ్యవధి మాత్రమే ఉంటుంది. కొన్నింటికి ఒక్క ఫ్రేమే. ఆదేశాన్ని కన్సోల్‌కు చేరవేసే సర్క్యూట్ బోర్డు నాణ్యత లేనిదైతే, జాప్యం ఒక ఫ్రేమును మించవచ్చు. వేలు సరైన సమయానికే కదిలినా ఆదేశం ఆలస్యంగా చేరుతుంది.

'స్ట్రీట్ ఫైటర్'లో నిప్పుబంతి విసరడం తొలిపాఠం వంటిది. లీవర్‌ను కిందికి, అక్కడి నుంచి ముందువైపు ఐమూలకు, ఆపై ముందుకు జార్చి గుద్దు బటన్ నొక్కాలి. నడుమ ఉన్న ఐమూల నమోదు కాకపోతే నిప్పుబంతికి బదులు వట్టి పిడికిలి గాలిలోకి లేస్తుంది. ప్రత్యర్థి ఆ సందులో దెబ్బకొడతాడు. ఇలా పదిసార్లలో మూడుసార్లు జరిగితే ఆటగాడు స్టిక్‌ను అనుమానించడు. ఏడుసార్లు బాగానే వచ్చింది కదా, మిగతా మూడూ తన పొరపాటే అనుకుంటాడు. పూర్తిగా పాడైన వస్తువు తన లోపాన్ని తానే చెప్పుకుంటుంది. అప్పుడప్పుడూ తప్పేది మాత్రం నిందను మనిషి మీదికి మళ్లిస్తుంది. నాసిరకం పనిముట్టు చేసే అసలైన నష్టం ఇది.

అంతకంటే చిక్కు మరొకటి ఉంది. తప్పుడు స్విచ్‌కు అలవాటుపడిన చేయి లీవర్‌ను అవసరానికి మించి బలంగా, దూరంగా తోయడం నేర్చుకుంటుంది. తరువాత మంచి స్టిక్ దొరికినా ఆ అలవాటు వదలడానికి మళ్లీ సమయం పడుతుంది.

కన్సోల్ ఒప్పుకోకపోతే

వస్తువు బాగున్నా కన్సోల్ దాన్ని అంగీకరించాలి. సోనీ, మైక్రోసాఫ్ట్ తమ కన్సోళ్లలో అనుమతి పొందిన పరికరాలను గుర్తించే ఏర్పాటు చేశాయి. ప్లేస్టేషన్ 4లో ఆ గుర్తింపు లేని కంట్రోలర్లు 8 నిమిషాలకు పనిచేయడం ఆగిపోవడం ఆటగాళ్లకు తెలిసిన సంగతే. ప్లేస్టేషన్ 5 కోసం రూపొందిన ఆటలు సాధారణంగా పాత కంట్రోలర్లను స్వీకరించవు. 2023లో వచ్చిన 'స్ట్రీట్ ఫైటర్ 6' వంటి కొన్ని మాత్రం ప్లేస్టేషన్ 4 ఆర్కేడ్ స్టిక్‌లకు చోటిచ్చాయి. మైక్రోసాఫ్ట్ 2023 నవంబరులో ఎక్స్‌బాక్స్‌పై అనుమతి లేని పరికరాలను నిరోధించడం మొదలుపెట్టింది. అంతవరకు చక్కగా పనిచేసిన కొన్ని స్టిక్‌లు సాఫ్ట్‌వేర్ మార్పుతో పనికిరాకుండా పోయాయి.

అందువల్ల 'అన్ని కన్సోళ్లకూ సరిపోతుంది' అనే ప్రకటనను యథాతథంగా నమ్మరాదు. అట్టపెట్టెపై ఏ కన్సోల్‌కు అధికారిక అనుమతి ఉందో చూడాలి. తయారీదారు ఫర్మ్‌వేర్ సవరణలు అందిస్తున్నదీ లేనిదీ కూడా తెలుసుకోవాలి.

చవకైనదంతా చెడ్డదేనా

కాదు. తక్కువ ధర స్టిక్‌లలోనూ రెండు రకాలున్నాయి. మొదటి రకంలో లీవర్, బటన్లు సాధారణమైనవే అయినా, పెట్టె కొలతలు, తీగల కొనలు ప్రామాణికంగా ఉంటాయి. కొన్నాళ్లు వాడి, డబ్బు సమకూరినప్పుడు ముందు లీవర్‌ను, తరువాత బటన్లను మంచివాటితో మార్చుకోవచ్చు. రెండో రకంలో భాగాలన్నీ ఒకే బోర్డుకు టంకంతో అతికించి ఉంటాయి. ఒక్క దిశ పోతే మొత్తం పోయినట్లే. కొనుగోలుదారు అడగవలసిన తొలి ప్రశ్న 'ధర ఎంత' అన్నది కాదు, 'విప్పి మార్చుకోవడానికి వీలుందా' అన్నది.

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు, ముంబై లామింగ్టన్ రోడ్డు వంటి ఎలక్ట్రానిక్ విడిభాగాల వీధులున్న దేశం మనది. స్విచ్ పరిమాణం ప్రామాణికమైతే మరమ్మతు కష్టమేమీ కాదు. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయి. విప్పడానికి వీలులేని ప్రతి పెట్టె చివరకు ఆ కుప్పలోనే చేరుతుంది. అదే ఏడాది డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్‌ను ప్రారంభించడం వెనుక ఉన్న ఆలోచనా ఇదే.

చేతికి అందిన వెంటనే

వస్తువు వచ్చిన రోజే పరీక్షించడం మేలు. వాపసు గడువు కొద్ది రోజులే ఉంటుంది. పెట్టె తెరుస్తున్నప్పుడు వీడియో తీసి ఉంచుకోవాలి. 'స్ట్రీట్ ఫైటర్ 6', 'టెక్కెన్ 8' వంటి ఆటల సాధన విభాగంలో, అందిన ప్రతి ఆదేశాన్నీ తెరపై చూపే సదుపాయం ఉంది. దాన్ని తెరిచి, లీవర్‌ను నెమ్మదిగా ఎనిమిది దిశలకూ తిప్పాలి. నాలుగు ఐమూలలకు ఒక్కోదానికి ఇరవైసార్లు తోసి లెక్క చూడాలి. చేయి వదిలినప్పుడు వ్యతిరేక దిశ తెరపై కనిపించకూడదు. బటన్లను ఒక్కొక్కటిగా, తరువాత రెండు మూడు కలిపి నొక్కి చూడాలి. నెమ్మదిగా చేసినప్పుడు కూడా ఆదేశం తప్పితే లోపం చేతిది కాదు, స్టిక్‌ది. మరలు విప్పితే వారంటీ పోయే అవకాశం ఉంది కాబట్టి గడువు ముగిసేదాకా పెట్టెను తెరవకపోవడం మంచిది.

చట్టం ఏమంటోంది

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం లోపమున్న వస్తువుపై ఫిర్యాదు చేసే హక్కు కొనుగోలుదారుకు ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, వస్తువు లోపభూయిష్టమైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా విక్రేత వాపసు తీసుకోనని నిరాకరించరాదు. వస్తువు తయారైన దేశం పేరు వెల్లడించాలి. ఫిర్యాదు అందినట్లు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి.

అప్పటికీ ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌ను తాము నివసించే జిల్లాలోనే ఆశ్రయించవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. బిల్లు, ప్రకటన చిత్రం, పరీక్ష సమయంలో తీసిన వీడియో ఇందుకు ఆధారాలవుతాయి.

పిల్లవాడు ఆటలో పదేపదే ఓడిపోతూ విసుగుచెందుతుంటే, 'నీకు రాదులే' అనేముందు ఇంట్లో పెద్దలు ఆ లీవర్‌ను ఒకసారి ఎనిమిది దిశలకూ తిప్పి చూడటం మంచిది. ఐదు నిమిషాల పని. మద్దెల బాగుందని తేలితే సాధన కొనసాగించవచ్చు. ఓడని తేలితే మార్చవలసింది మద్దెలను.