చెవి తమ్మె మీద గడ్డ: కోస్తే పోతుందా?

కరీంనగర్ పల్లెల్లో పసిపిల్లల చెవులు కుట్టేది అవుసలాయన. ఆదిలాబాద్ గోండు గూడేల్లో పచ్చబొట్లు పొడిచేది తోటి తెగ ఆడవాళ్లు. ఇలా గుచ్చిన చోటు చాలామందికి మామూలుగానే మానిపోతుంది. ఏ ఒక్కరికో మాత్రం కొన్ని నెలల తర్వాత అక్కడ నున్నటి గట్టి గడ్డ లేస్తుంది. దురద పెడుతుంది, ఒక్కోసారి పోట్లు పొడుస్తుంది. దీన్నే డాక్టర్లు కెలాయిడ్ అంటారు.

అపోహ: కుట్టినాయన చెయ్యి మంచిది కాదు.

గాయాన్ని పూడ్చడానికి చర్మం కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. గాయం పూడగానే ఆ పని ఆగాలి. కొందరి ఒంట్లో అది ఆగదు. మచ్చ గాయం హద్దు దాటి పక్క చర్మంలోకి పాకుతుంది. ఈ తత్వం కుటుంబాల్లో వస్తుంటుంది. నల్లటి చర్మం ఉన్నవారిలో, 10 నుంచి 30 ఏళ్ల లోపువారిలో ఎక్కువ. మొటిమ, ఆటలమ్మ పొక్కు, కాలిన గాయం, చివరికి భుజం మీద బీసీజీ టీకా వేసిన చోటైనా గడ్డ లేవడానికి చాలు. అలాగని అవుసలాయనకు పూర్తి క్లీన్‌చిట్ ఇవ్వలేం. సూది శుభ్రంగా లేక చీము పడితే ముప్పు పెరుగుతుంది.

చంటిపిల్లలకే చెవులు కుట్టించే మన ఆచారం ఈ విషయంలో నయమే అనిపిస్తుంది. 11 ఏళ్లు దాటాక కుట్టించుకున్నవారిలో కెలాయిడ్లు ఎక్కువని 2005లో అమెరికాలో వచ్చిన ఒక చిన్న అధ్యయనం చెప్పింది. కాలేజీకి వచ్చాక రెండో కుట్టు, మూడో కుట్టు అని మోజుపడేవారు ఇది గుర్తుంచుకోవాలి.

అపోహ: వంకాయ, గోంగూర, గుడ్డు తిన్నందుకే లేచింది.

తిండి వల్ల కెలాయిడ్ వస్తుందనడానికి ఆధారం లేదు. పుండు మానాలంటే ప్రోటీన్ కావాలి. గుడ్డు మాన్పించడం ఉల్టా పని.

అపోహ: ఇది క్యాన్సర్, అంటుకుంటుంది.

రెండూ కాదు. అయితే కుట్టు, దెబ్బ ఏమీ లేకుండా రెండు చెవి తమ్మెలూ దళసరెక్కితే అది కుష్ఠు లక్షణం కావచ్చు. వెంటనే చూపించుకోవాలి, దానికి మందు ఉచితంగా ఇస్తారు.

అపోహ: కోయించేస్తే పీడ పోతుంది.

అసలు చిక్కు ఇక్కడే. కోత అంటే మళ్లీ ఒక గాయమే కదా! కోసి వదిలేస్తే సగం మందిలోనైనా గడ్డ తిరిగి లేస్తుంది, కొన్నిసార్లు ముందుకన్నా పెద్దగా. పులిపిరి అనుకుని దారం బిగించి కట్టడం, జీడిగింజ రసం పూయడం, వాత పెట్టడం ఇంకా చేటు. జీడి రసం చర్మాన్ని కాల్చి పుండు చేస్తుంది.

డాక్టర్లు ఎక్కువగా ముందు ట్రయామ్‌సినొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను నేరుగా గడ్డలోకి ఇస్తారు. మూడు నుంచి ఆరు వారాలకోసారి, కొన్ని నెలలపాటు. నొప్పి ఉంటుంది. చాలామందికి దురద తగ్గుతుంది, గడ్డ మెత్తబడి చదునవుతుంది. చుట్టూ చర్మం తెల్లబడవచ్చు, పలచబడవచ్చు. ఆడవాళ్లకు నెలసరి క్రమం కొంత తప్పవచ్చు. షుగర్ ఉన్నవారు ముందే చెప్పాలి. దీనికి తోడు ద్రవ నైట్రోజన్‌తో గడ్డను మంచులా గడ్డకట్టించడం, రోజుకు 12 గంటలకు తగ్గకుండా నెలల తరబడి సిలికాన్ షీటు అంటించడం ఉన్నాయి. కోయక తప్పనప్పుడు కోత తర్వాత ఇంజెక్షన్లు, చెవికి ఒత్తిడి క్లిప్పు తప్పనిసరి. మొండి గడ్డలకైతే ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లోనే రేడియేషన్ మొదలుపెడతారు.

ఆదిలాబాద్ రిమ్స్ లాంటి బోధనాసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీలో చూపించుకోవచ్చు. గడ్డ శనగగింజంత ఉన్నప్పుడే వెళ్తే పని తేలిక. ముహూర్తం నెల రోజుల్లో ఉందనగా పెళ్లికూతుర్ని తీసుకొస్తే డాక్టరైనా చేయగలిగేది తక్కువ. సంబంధాలు చూడటం మొదలుపెట్టినప్పుడే వైద్యమూ మొదలుపెట్టించాలి.