చేరమని అడిగే ముందు

ఇంటి దగ్గర నుంచే వంటింటి సామాన్లు అమ్మే జట్టు నాది. ఇందులో ఉన్న ఆడవాళ్లు చాలామంది ముందు నా దగ్గర డబ్బాలు కొన్నవాళ్లే. కాకినాడలో రామారావుపేటలోనో, జగన్నాథపురంలోనో ఎవరింటి హాల్లోనో డెమో పెడతాను. డబ్బాలో నీళ్లు పోసి, మూత బిగించి, తలకిందులు చేసి చూపిస్తాను. అందరూ కేటలాగ్ తిరగేస్తుంటే ఒకావిడ అడుగుతుంది: "ఇందులో ఇడ్లీ పిండి పొంగితే మూత లేచిపోదా అక్కా? మూత పోతే విడిగా దొరుకుతుందా?" ఇక ఆ పూటంతా నా కన్ను ఆవిడ మీదే. వస్తువును తన వంటింట్లో పెట్టుకుని ఆలోచించిన మనిషి, పక్కింటావిడకు కూడా దాన్ని ఉన్నదున్నట్టు చెప్పగలదు.

కొత్తవాళ్లను చేర్చమంటే చాలా కంపెనీల మీటింగుల్లో మొదట చేయించే పని ఒకటుంది. వంద పేర్లు రాయమంటారు. పిన్ని కూతురు, బడిలో చదువుకున్న స్నేహితురాలు, పెళ్లిలో పరిచయమైనావిడ, అందరికీ వరసగా ఫోన్లు. ఆ పద్ధతి నాకు నచ్చదు. నెల తిరిగేసరికి చుట్టాలు ఫోను ఎత్తడం మానేస్తారు. పేరంటానికి పిలిచినా "ఏదో అమ్మడానికి పిలుస్తోంది" అనుకుంటారు. నేను అడిగేది ఒక్కటే: నువ్వు లోపలికి వెళ్లి గ్లాసు తీసుకుని మంచినీళ్లు తాగేంత చనువున్న ఇళ్లు ఎన్ని? అయిదుంటే చాలు, మొదలుపెట్టొచ్చు.

ఇంట్లో డెమో ఇచ్చి అమ్మడం, అక్కడికొచ్చిన వాళ్లలోంచే కొత్త అమ్మకందార్లను చూసుకోవడం మన దగ్గర పుట్టింది కాదు. అమెరికాలో 1886లో డేవిడ్ మెక్‌కానెల్ అనే పుస్తకాల వ్యాపారి సెంట్ల కంపెనీ పెట్టాడు. అదే తర్వాత ఏవన్ అయింది. ఆయన తరఫున శ్రీమతి ఆల్బీ అనే ఆవిడ ఊళ్లు తిరిగి అమ్మడమే కాకుండా, ఇతర ఆడవాళ్లను చేర్చి పని నేర్పింది. ఆ తర్వాత టప్పర్‌వేర్. ఆ డబ్బాలు కనిపెట్టింది ఎర్ల్ టప్పర్. దుకాణాల్లో పెడితే పెద్దగా కదల్లేదు. మూత ఎలా వేయాలో చూపించేవాళ్లు కావాలి. బ్రౌనీ వైజ్ అనే ఆవిడ ఇళ్లల్లో పార్టీలు పెట్టి అమ్మి చూపించింది. 1951లో టప్పర్ దుకాణాల్లో అమ్మడం మానేసి, ఇళ్లల్లో అమ్మే విభాగం మొత్తాన్ని ఆవిడ చేతికిచ్చాడు. 1954లో బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్రంగా ఆవిడ ఫోటో వేసింది. ఆ పత్రిక అట్టమీదకెక్కిన మొదటి మహిళ ఆవిడే. 1958లో ఉద్యోగంలోంచి తీసేశారు. కంపెనీలో ఆవిడ పేరిట వాటాలేమీ లేవు. అంత జట్టును నిలబెట్టిన మనిషి అలా బయటికెళ్లింది. ఈ కథ నా దగ్గర చేరే ప్రతి అమ్మాయికీ చెబుతాను. మనం తెచ్చుకున్న కస్టమర్లు మన మాట మీద వచ్చినవాళ్లు, వాళ్ల మన్ననే మనకున్న ఆస్తి. కంపెనీ మనది కాదు.

ఇక డబ్బు సంగతి. ఎవరైనా మొదట అడిగేది అదే.

"నెలకి ఎంతొస్తుందక్కా?"

"నీ అమ్మకాన్ని బట్టమ్మా. నాకొచ్చేది నీకు చెప్పి లాభం లేదు. నా కస్టమర్లు నీకింకా లేరు కదా."

అని, కాగితం తీసి లెక్క వేసి చూపిస్తాను. నెలకి 8,000 రూపాయల సరుకు అమ్మావనుకో, మార్జిన్ నూటికి 20 అనుకో. చేతికి 1,600 వస్తుంది. డెలివరీలకు ఆటో 300. డెమోకి ఇల్లిచ్చినావిడకు చిన్న బహుమతి, వచ్చినవాళ్లకు టీ బిస్కెట్లు 200. చూపించడానికి కొనుక్కున్న సరుకు ఖర్చు నెలకి 250. ఆడపడుచు అడిగిందని, తోటికోడలు అడిగిందని వదులుకున్న డిస్కౌంటు 350. మిగిలింది 500. అందులో నీ తిరుగుడు, ఫోన్లు, మధ్యాహ్నాలు లెక్కకట్టలేదు. దీన్ని చూసి కూడా "పర్లేదక్కా, కస్టమర్లు పెరిగితే పెరుగుతుంది కదా" అన్నవాళ్లే నాకు కావాలి. ఈ కాగితం దాచిపెట్టి స్టేజీ మీద కారు తాళాలు ఊపి చూపించేవాళ్లంటే నాకు కోపం. ఆ కారు చూసి బంగారం కుదువపెట్టి చేరిన వాళ్లను నేనెరుగుదును. మా పెదనాన్నగారి కోడలు ఇంకో కంపెనీలో చేరింది. హోటల్లో మీటింగు, చప్పట్లు, అక్కడికక్కడే సంతకం. కొనిపించిన పౌడరు డబ్బాలు మంచం కిందే గడువు దాటిపోయాయి.

అమ్మకానికీ మోసానికీ మధ్య గీత ఎక్కడుందో తెలియాలంటే ఒక ప్రశ్న వేసుకోవాలి. పైవాళ్లకు వచ్చే డబ్బు సరుకు వాడుకునే కస్టమరు దగ్గర్నుంచి వస్తోందా, కొత్తగా చేరినవాళ్లు కట్టిన దాంట్లోంచి వస్తోందా? రెండోదైతే అది ఎంతోకాలం నిలవదు. ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చాలంటే, ఆరుగురు 36, వాళ్లు 216. పదో వరసకొచ్చేసరికి ఆరు కోట్లు దాటుతుంది. పదకొండో వరసకి 36 కోట్ల మంది కావాలి. 2011 జనాభా లెక్కల్లో ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపితే ఎనిమిదిన్నర కోట్లు లేరు. ఆఖరి వరసలో చేరినవాళ్లకు చేర్చుకోవడానికి మనుషులే మిగలరు, కట్టిన డబ్బు పోయేది వాళ్లదే.

ఇలాంటి గొలుసు పథకాలను ఆపడానికి 1978లోనే చట్టం వచ్చింది. నేరుగా అమ్మే కంపెనీల కోసం కేంద్రం 2021 డిసెంబరులో వినియోగదారుల రక్షణ చట్టం కింద ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. చేరినందుకు ఎంట్రీ ఫీజు అడగకూడదు. డెమో సామాను కొంటేనే చేర్చుకుంటామనకూడదు. తగినంత కాలంలో అమ్ముకోగలిగిన దానికి మించి సరుకు అంటగట్టకూడదు. చేరాక మనసు మారితే, చెప్పిన గడువులోగా జరిమానా లేకుండా బయటికి రావచ్చు. మన వైపు నుంచీ బాధ్యత ఉంది: గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా చెప్పకుండా ఎవరింటికీ అమ్మడానికి వెళ్లకూడదు. కంపెనీ చెప్పని గుణాలు సరుకుకు అంటించకూడదు. షుగరు తగ్గుతుంది, మోకాళ్ల నొప్పులు పోతాయి అని నోటికొచ్చింది చెప్పే అమ్మాయిని నేను జట్టులో ఉంచుకోను.

కొందరిని చేర్చుకోకపోవడం కూడా లీడరు పనే. డ్వాక్రా లోను వాయిదా ఎలా కట్టాలో తెలియక వచ్చినావిడకు ఈ పని చెప్పను. వచ్చే నెలకే డబ్బు కావాలంటే కుట్టు పనిలోనో, దుకాణంలోనో నెల జీతం చూసుకోమంటాను. ఉన్న ఉద్యోగం మానేసి వస్తానన్నవాళ్లను ఉద్యోగం చేస్తూనే రమ్మంటాను. "టార్గెట్ ఎలాగమ్మా మరి" అని పైనున్నవాళ్లు అడుగుతారు. నా టార్గెట్ కోసం ఇంకొకరి ఇంట్లో గొడవ పెట్టలేను.

చేరిన అమ్మాయిని ఒంటరిగా వదిలేస్తే రెండో నెలకే మానేస్తుంది. మొదటి డెమోలకు నేను పక్కన కూర్చుంటాను, మాట మాత్రం ఆ అమ్మాయిదే. సగం డబ్బు ముందు తీసుకోకుండా ఆర్డరు పెట్టొద్దంటాను. అసలు ఈ పని చాలామంది మానేసేది అరువు వల్లే. డబ్బా వెళ్లిపోతుంది, డబ్బు రాదు, అడిగితే స్నేహం పోతుంది. నోటుపుస్తకంలో ఎడమ పేజీన వచ్చింది, కుడి పేజీన పోయింది రోజూ రాయించి, వారానికోసారి ఇద్దరం కలిసి చూస్తాం. శ్రావణమాసంలో అమ్మకం బాగుంటుంది. ఆ లాభం చూసి తర్వాతి నెల కూడా అలాగే ఉంటుందనుకుని సరుకు తెచ్చిపెట్టుకోవద్దని గట్టిగా చెప్తాను. కుట్టుమిషను పెట్టుకున్న ఒకావిడ మా జట్టులో ఉంది. జాకెట్టు కొలతలిచ్చేందుకు వచ్చినవాళ్లకే అమ్ముతుంది, ఎవరినీ చేర్చలేదు, ఎక్కడికీ తిరగదు. అలాంటివాళ్లు కూడా జట్టులో ఉండాలి. అందరూ లీడర్లు కానక్కర్లేదు.

మీ ఇంటికి రేపు ఎవరైనా వచ్చి చేరమంటే, ముందు ఒప్పందం కాగితం అడిగి తీసుకోండి. ఇంటికి తెచ్చుకుని, లెక్క తెలిసిన మనిషి చేత చదివించండి. అక్కడికక్కడే డబ్బు కట్టమంటే లేచి వచ్చేయండి. అనుమానముంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయండి.