స్కూటరుకు టానిక్కు కావాలా?

పిల్లలకు టానిక్కు పట్టినట్టు పెట్రోలులో సీసామందు పోసేవారిని చూస్తుంటాను. జీతపురాళ్ల మీద నడిచే ఇంట్లో ఆ ఖర్చు తగునా? రోజూ తిరిగే స్కూటరుకు వద్దనే నా మాట. ఆక్టేను అంటే బలం కాదండీ. ఇంజనులో పెట్రోలు వేళకు ముందే అంటుకోకుండా ఓర్చుకునే గుణం. బండికి చెప్పినంత ఉంటే చాలు.

నెలల తరబడి మూలపడి ఉండే జనరేటరు సంగతి వేరు. నేటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు; అది తేమను పీలుస్తుంది. నిలవ పెట్రోలు జిగురై కార్బురేటరు సన్నరంధ్రాలను మూస్తుంది. తాజా పెట్రోలులోనే, అది పాడవకుండా ఉంచే మందు కలిపి కాసేపు నడిపితే మేలు. టాంకీ, కార్బురేటరు ఖాళీ చేసి ఉంచితే ఆ ఖర్చూ లేదు. నీరు చేరి విడిపోయిన పెట్రోలును మాత్రం ఏ మందూ బాగుచేయదు.

పాత టూ-స్ట్రోకు బండికి కలిపే ఆయిలు మందు కాదు, అన్నం. అది మానితే ఇంజను పట్టేస్తుంది!