నాగలి లేని నగరంలో సేద్యపు చదువు

సింగపూరు నేలలో సేద్యానికి మిగిలినది సుమారు ఒక్క శాతం. ఆ నగరం తినే ఆహారంలో 90 శాతానికి పైగా పొరుగు దేశాల నుండో, సముద్రాల ఆవలి నుండో రావలసిందే. 2023 జూలైలో భారత ప్రభుత్వం బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు ఈ సత్యం అక్కడి తెలుగువారి వంటగదులకూ తెలిసివచ్చింది. ఆ మరుసటి నెలలో సింగపూరుకు ప్రత్యేకంగా 50,000 టన్నులు అనుమతించారు. నిషేధం పూర్తిగా తొలగినది 2024 సెప్టెంబరులో.

పండించడం ఒక విద్య. పండినదానిని కొలిచి, నిలవచేసి, శుద్ధిచేసి, తగిన వేళకు తగిన అంగడికి చేర్చడం వేరొక విద్య. ఈ రెండవదే వ్యవసాయ వాణిజ్య నిర్వహణ. వర్ధమాన దేశాలకు దీని అవసరం ఎక్కువ. కాని అక్కడి బ్యాంకు అధికారి గాని, సహకార సంఘ కార్యదర్శి గాని ఉద్యోగం మాని రెండేళ్లు విదేశాలలో చదువుకోగలడా?

ఈ చిక్కుకు ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, వై అనే చిన్న ఊరి వ్యవసాయ కళాశాల 1980ల చివర ఒక మార్గం చూపింది. ఎక్కడ ఉన్నవారైనా చదివి పరీక్ష వ్రాయవచ్చునన్న లండన్ విశ్వవిద్యాలయపు 1858 నాటి ఏర్పాటును ఆధారం చేసుకొని, పాఠాలను తపాలాలో పంపింది. ఆ కళాశాల 2000లో ఇంపీరియల్ కాలేజీలో విలీనమై, 2009లో మూతపడింది. దూరవిద్యా శాఖ మాత్రం అంతకుముందే, 2007లో, లండన్‌లోని సోయాస్‌కు తరలి బ్రతికిపోయింది. భవనాలకంటె పాఠాల పొట్లాలకే ఆయుర్దాయం ఎక్కువైనదన్న మాట!

ఆ చదువులో ఏముంటుందో తెలియాలంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటలను చూడవచ్చు. అక్కడి రైతు జీడిపిక్కలను 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతాడు. అంతర్జాతీయ వర్తకుడు కొనేది బస్తాను కాదు, దానిలోని పప్పును. నమూనాగా ఒక కిలో పిక్కలు తీసి, కోసి, మంచి పప్పును తూచి, 80 కిలోలకు ఎన్ని పౌండ్లు పడుతుందో లెక్కిస్తాడు. ఒక బస్తాకు 48 పౌండ్లు, మరొకదానికి 44 అనుకుందాం. కాటా మీద రెండూ సమానమే. లోపల సుమారు 1.8 కిలోల పప్పు తేడా! ఆ తేడా తెలియని రైతుకు రెండింటికీ ఒకే ధర. పప్పులోనూ తరగతులు ఉన్నాయి. పౌండుకు 320 దాకా తూగే గుండు పప్పుకు ఒక ధర, 210 దాకా మాత్రమే తూగే పెద్ద పప్పుకు అంతకు మించిన ధర. ముక్కలైతే విలువ పడిపోతుంది.

మరొక చిక్కు కాలానిది. ఉద్దానంలో పిక్కలు రాలే వేసవిలోనే పశ్చిమాఫ్రికా పంట కూడా విపణిలోకి వస్తుంది. పలాస మిల్లులు దిగుమతి సరుకును ఆడిస్తే స్థానిక రైతు ధర తగ్గుతుంది. 1989లో నైజీరియాలో పుట్టి, జీడిపిక్కలను భారతదేశానికి ఎగుమతి చేయడంతో మొదలైన ఓలం సంస్థ 1990ల మధ్యలో తన ప్రధాన కార్యాలయాన్ని సింగపూరుకు మార్చుకొన్నది. నాగలి లేని నగరంలో కూర్చుని మూడు ఖండాల పంటను నడపవచ్చునన్నమాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు చెట్లు కూలిన ఉద్దానానికి ఈ లెక్కలు వినోదం కావు.

దూరవిద్య తెలుగువారికి కొత్తది కాదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే వెలసింది. రాజేంద్రనగర్‌లోని ‘మేనేజ్’ సంస్థ 2003 నుండి ఎరువుల, పురుగుమందుల దుకాణదారులకు సంవత్సరం పాటు డిప్లొమా చెబుతున్నది. దుకాణం మూయనక్కరలేదు. రైతు మొదట సలహా అడిగేది ఆ దుకాణదారునే కనుక, ఇది ఎన్నో పెద్ద పట్టాల కంటె ముందు చేయవలసిన పని.

ఒక్క లోపం ఉన్నది. పిక్క తడి పుస్తకంలో తగలదు. సింగపూరులో చదివే విద్యార్థి వేసవిలో స్వగ్రామం వెళ్లినప్పుడు ఒక కిలో పిక్కలు, ఒక కత్తి, ఒక చిన్న త్రాసు ముందు పెట్టుకొని కూర్చోవలసిందే. చేతులకు ముందుగా నూనె రాసుకోవాలి. పెంకులోని జీడి చర్మాన్ని కాలుస్తుంది.